బస్సు శబ్దార్థవిచారము: లండను నగర యానచరిత్రము

ఆంధ్రదేశమున నేఁడు 'బస్సు' శబ్దము నెఱుఁగనివాఁడు లేఁడు. ఇది యాంగ్లేయమునుండి వచ్చినదనియు, జనులు మూల్య మిచ్చి యెక్కి పోవు పెద్దబండికిఁ బేరనియు నందఱు నెఱుఁగుదురు. ఇది ధాతుజన్యము గాదనియు, ప్రాతిపదికమును గాదనియు, కేవల మొక విభక్తిప్రత్యయ మనియు నెఱిఁగినవారు మాత్ర మరుదు. లాటిను భాషలో 'ఓమ్నిస్' అనునది సర్వశబ్దముతో సమానార్థకము. దాని చతుర్థీబహువచనము 'ఓమ్నిబుస్'. సర్వేభ్యః, అనఁగా అందఱికొఱకు నని యర్థము. కడపట నున్న 'బుస్' అనునదియే యిందలి ప్రత్యయము. సుప్ప్రత్యయములలోని 'భ్యస్' దీనికి జ్ఞాతి యని భాషాతత్త్వవేత్తల నిర్ణయము. సంస్కృతమున 'భ్యస్' చతుర్థికిని బంచమికిని సమానమైనట్లే లాటినున 'బుస్' అను ప్రత్యయము నా రెంటికిని సమానము. ఆంగ్లేయులు 'ఓమ్నిబస్' అను రూపమును వాడి వాడి ప్రకృతిని విడిచి ప్రత్యయమును మాత్రము మిగుల్చుకొనిరి. సత్యభామను సత్య యనుటయు, భామ యనుటయుఁ గలదు గాని, 'సర్వేభ్యః' అనుటకు మాఱుగా 'భ్యః' అనుటను ఏ వైయాకరణుఁడును విని యెఱుఁగఁడు. తెలుఁగువా రా ప్రత్యయమునకు ద్విత్వమును ఉకారమును జేర్చి దానినే ప్రాతిపదికముగాఁ జేసిరి. 'బస్సుకొఱకు నిలిచియున్నాఁడు' అనునపుడు చతుర్థిమీఁదఁ జతుర్థి పడుచున్నది.

శబ్దమునఁ బ్రకృతి లోపించినట్లు వస్తువునం దర్థము లోపించెనా, నిలిచెనా యనునది విచారింపఁదగినది. అందఱికొఱకు నని పేరు పెట్టుట సులభము. ఆ యందఱిలోఁ బేదవాఁడు చేరునా? పరదేశి చేరునా? ఊరఁ బుట్టిన సంపన్నునకు బండి యే పేరిదైనను నొక్కటియే. కూలివానిచేతఁ గాసు లేదు. క్రొత్తగా వచ్చినవానికిఁ దెరువు తెలియదు, వెలయుఁ దెలియదు. ఈ యిరువురును నిర్భయముగా నెక్కఁగలిగినప్పుడే యా చతుర్థి సార్థకము. ఈ పరీక్షకు లండను నగరము మిక్కిలి తగినది. ఏలయన బాడుగబండి, ఓమ్నిబస్సు, భూగర్భమున నడచు రైలు, టాక్సీ యను నాలుగును నచ్చట నొకదానివెంట నొకటి పెరిగినవి. వానిని గూర్చిన శాసనములును నిలిచియున్నవి.

అయినను గథ పారిసునఁ బ్రారంభింపవలసియున్నది. గణితశాస్త్రజ్ఞుఁడును దత్త్వవేత్తయు నగు పాస్కల్ యొక్క యూహ ననుసరించి 1662 మార్చి 18వ తేదిని ఆ నగరమున నియతమార్గమునఁ బోవు బండ్లు బయలుదేఱినవి. ఒక్కొక్కదానియం దెనమండ్రకుఁ జోటు. మూల్య మైదు 'సోలు'లు. బండి నిండినను నిండకున్నను వేళకుఁ గదలవలెను. నేఁటి బస్సునకు లక్షణము చెప్పవలసివచ్చినచో నింతకంటె నెక్కువ చెప్పుట కేమియు లేదు. కాని పారిసు న్యాయసభవారు దీని కనుమతి యొసఁగునపుడు సైనికులు, పరిచారకులు, కూలివాండ్రు నెక్కఁగూడదని కట్టడి చేసిరి. పాస్కల్ ఆ సంవత్సరమే ఆగస్టునందు మరణించెను. బండ్లు నిరువదియేండ్లు నిండకమునుపే యంతరించినవి. వానికి 'ఓమ్నిబస్' అను పేరు లేదు. ఉండినచో నది యసత్యమై యుండెడిది.

పేరు పుట్టినది ఫ్రాన్సు దేశముననే, నాంత్ అను పట్టణమున, 1826లో. బోద్రీ యనునతఁడు పట్టణపు వెలుపల స్నానశాలను నెలకొల్పి, జనులను అచ్చటికిఁ దెచ్చుటకై బండ్లను నడిపెను. ఎక్కినవారిలోఁ బెక్కండ్రు స్నానమునకు రాక నడుమ దిగిపోవుచుండుటఁ జూచి, జనులకు వేఁడినీటికంటె బండియే యెక్కువ యక్కఱ యని యాతఁడు గ్రహించెను. బండి నిలుచుచోట ఓమ్నేస్ అనెడు టోపీల వర్తకుని యంగడి యుండెననియు, ఆతఁడు తన పేరిపై శ్లేషగా 'ఓమ్నేస్ ఓమ్నిబుస్' అని ఫలకము వ్రాయించెననియు, బండికా పేరే వచ్చెననియు నొక కథ కలదు. ఈ కథను నమ్ముటకుఁ దగిన యాధారము చాలదు; శబ్దముల పుట్టుకకు నంగళ్లను వెదకుట జనుల కొక వేడుక. అంగడి యున్నను లేకున్నను, లాటిను నేర్చినవారు మెండుగాఁ గల యాకాలమున నా పద మందఱికి సుబోధమే. 1828లో బోద్రీ తన బండ్లను బారిసునకుఁ జేర్చెను.

అచ్చటినుండి దానిని లండనునకుఁ గొనివచ్చినవాఁడు షిల్లిబీర్ అను బండ్లు కట్టించు శిల్పి. 1829 జూలై 4వ తేదిని మూఁడు గుఱ్ఱములు లాగఁగా, ఇరువది యిద్దఱు కూర్చుండఁదగిన యాతని బండి పాడింగ్టన్ నుండి బ్యాంకువఱకు నడచెను. చదువుకొనుటకు వార్తాపత్రికలు, మర్యాద యెఱిఁగిన కండక్టరు, అన్నియు నమరియుండెను. మూల్య మొక షిల్లింగు, అనఁగాఁ బండ్రెండు పెన్నీలు. నాఁడు లండనులోఁ గూలివాని దినవేతనము రెండు మూఁడు షిల్లింగులు. పోవుట కొకటి, వచ్చుట కొకటి యిచ్చినచో వానికి మిగులునది లేదు. కావున కూలివాఁడు నడచియే పోయెను. పారిసున రాజశాసనము చేసిన పనిని లండనున వెల చేసినది. ఓమ్నిబస్సు మొదటినుండియు నందఱిదని వ్రాయువా రీ లెక్కను జూడలేదని తోఁచుచున్నది. షిల్లిబీర్ మాత్రము లాభపడలేదు. దివాలా తీసి, తుదకు శవవాహనములు కట్టించువాఁడయ్యెను. ఆ వాహనమునకుఁ గొంతకాల మాతని పేరే నిలిచెను. ఆ బండికి 'ఓమ్నిబస్' అను పే రేల పెట్టలేదో! అందఱికొఱకు నను మాట దానియందే పూర్తిగా సార్థకము.

షిల్లిబీర్ మార్గము నగరమధ్యమున గాక యుత్తరపు కొత్తబాటవెంట నేల పోయెనను ప్రశ్నకు సమాధానము బాడుగబండ్ల చరిత్రలోఁ గలదు. 1634లో బెయిలీ యను నావికుఁడు స్ట్రాండ్ వీథిలో మేపోలు స్తంభముకడ నాలుగు బండ్లను నిలిపి, తోలువారికి నుడుపు లిచ్చి, యెంతదూరమున కెంత గైకొనవలెనో నిర్ణయించెను. లండనునఁ గిరాయిబండ్ల తావున కిదియే యాదిగాఁ జెప్పుదురు. పిదప నివి పెరిగి, రాజ్యమునకు రుసుము చెల్లించి, బదులుగా నొక హక్కును బొందినవి. రాళ్లు పఱచిన నగరమధ్యమునఁ దారిలో జనుల నెక్కించుకొను నధికారము వీనికే. ఇతరములగు సాధారణయానములకు లేదు. ఆ హక్కు 1832 నాఁటి శాసనముచే తొలఁగెను. ఓమ్నిబస్సు నగరగర్భమునఁ బ్రవేశించుటకు ద్వార మదియే తెఱచినది.

బాడుగబండిలోఁ బరదేశికిఁ గలుగు బాధ వేఱు. మూల్యము శాసనసిద్ధమే. 1662 శాసనము మొదటి గంటకుఁ బదునెనిమిది పెన్నీలు, తర్వాతి గంటలకుఁ బండ్రెండేసి పెన్నీలని విధించెను. 1853లో మైలున కాఱు పెన్నీలని తగ్గింపఁగా బండివారు కొన్ని దినములు బండ్లు కట్టుట మానిరి. కాని మైలు లెన్నియో చెప్పు వాఁడెవఁడు? తోలువాఁ డొకటి చెప్పును. ఎక్కినవానికి దూరము తెలియదు. పందొమ్మిదవ శతాబ్ద మధ్యమున మాగ్ అను పటకర్త 'పదివేల బండి కిరాయిలు' అను పేర నొక పుస్తకమును బ్రకటించెను. పరదేశి యా పుస్తకమును జేతఁబట్టుకొని బండి దిగవలసిన దశ యది. శాసన మున్నది, కొలత లేదు. కావున వాదమే మిగిలెను.

ఆ వాదమునకు రెండు మందులు కనిపట్టఁబడినవి. మొదటిది తోలువాని విద్య. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమునకు వచ్చిన జనులు బండివారికిఁ దెరువులు తెలియవని మొఱపెట్టి రనియు, దానికిఁ బ్రతిక్రియగాఁ బరీక్ష యేర్పడెననియుఁ జెప్పుదురు; 1865 దానికిఁ బుట్టినయేఁడు. ఆ పరీక్షకు వారు పెట్టిన పేరు 'నాలెడ్జ్', అనఁగా 'జ్ఞానము' అని. దానికి విశేషణ మేదియు లేదు. విద్ ధాతువునుండి వేదశబ్దము నిష్పన్నమైనట్లే యిదియు నని పండితులు నవ్వవచ్చును గాని, అధ్యయనపద్ధతిని జూచినచో నవ్వు తగ్గును. ఛేరింగ్ క్రాస్ కేంద్రముగా నాఱుమైళ్ల వ్యాసార్ధమున నుండు నించుమించు 25,000 వీథులును, అందలి వైద్యశాలలు, నాటకశాలలు, న్యాయస్థానములు, సత్రములును గంఠస్థములు కావలెను. దీనికై 320 మార్గములు సూత్రప్రాయముగా నేర్పఱుపఁబడినవి. మొదటిది మానర్ హౌస్ రైలుస్టేషనునుండి గిబ్సన్ స్క్వేర్‌నకుఁ బోవునది. మన బాలుర కోనమాలవంటిది. విద్యార్థులు చిన్న మోటారుసైకిళ్లపై నా వీథులఁ దిరిగి చూతురు. ఇలు సేరి యొకరి కెదురుగా నొకరు గూర్చుండి, ఎడమకుఁ దిరుగుట, కుడికిఁ దిరుగుట, ముందునకుఁ బోవుట వీథినామసహితముగా బిగ్గఱగా వల్లింతురు. పరీక్షకునియెదుటి పరీక్ష వాగ్రూపమైనది, అందుఁ బుస్తకము లేదు, పటము లేదు. మొదట 56 దినముల కొకమాఱు, పిదప 28 దినముల కొకమాఱు, కడపట 21 దినముల కొకమాఱు పరీక్షకునియెదుట నిలువవలెను. ఇట్లు మూఁడు నాలుగేండ్లు గడచును. క్రమపాఠమును వల్లించువారి యింటఁ బెరిగినవారి కీ వృత్తాంతము క్రొత్తగాఁ దోఁపదు. 2000లో ఎలినార్ మాగ్వైర్ మొదలగువారు ప్రకటించిన పరిశోధనమున నీ విద్య నేర్చినవారి మెదడునందు 'హిప్పోకాంపస్' అను భాగముయొక్క వెనుకటి యంశ మితరులకంటెఁ బెద్దదిగాఁ గనఁబడెను. ఆ పదమునకు గ్రీకున సముద్రాశ్వమని యర్థము. బండి గుఱ్ఱము లంతరించినను తోలువాని తలలో నొక గుఱ్ఱము పెరిగినదన్నమాట.

రెండవ మందు యంత్రము. బ్రూన్ అను జర్మనుఁడు 1891లో చక్రముల భ్రమణమును లెక్కించి వెలను దానే చూపు యంత్రమును నిర్మించెను. వెల యను నర్థము గల మధ్యకాలపు లాటిను 'టాక్స' శబ్దమును, కొలత యను నర్థము గల గ్రీకు 'మెట్రాన్' శబ్దమును గూర్చి దానికి 'టాక్సామీటరు' అని పేరిడిరి. ఫ్రెంచివారు దానిని 'టాక్సిమేత్ర్' అని మార్చుకొనిరి. వేర్వేఱు భాషల పదములను సమసింపఁజేయుట దుష్టమని మన లాక్షణికులు చెప్పిన దోష మిందుఁ గలదు. లోకము దానిని లెక్కింపలేదు. 'మెట్రాన్' మన మాత్రాశబ్దమునకుఁ జుట్టము. లండనులో 1907లో నీ యంత్రము బాడుగమోటార్లకు విధింపఁబడెను. బండికే యంత్రముపేరు వచ్చి, పిదప నా పేరుననుండి 'మీటరు' లోపించి, 'టాక్సీ' మిగిలెను. ఇచ్చటను ముఖ్యాంశమే పోయినది. టాక్సీకి గౌరవము దెచ్చినది కొలత. పేరున నిలిచినది వెల. 'కాబ్' అను పదముగతియు నంతియే. మేఁకవలె గంతులు వేయు బండి యను నర్థమున 'కాబ్రియొలే' యని ఫ్రెంచివారు పెట్టిన పేరున మొదటి యక్షరములే యాంగ్లేయులకు దక్కినవి.

కొలతయంత్రము వచ్చుటతోఁ బరదేశి వాదము తీఱినది. చేత ధనము గలవాని కింతటితో మార్గము సుగమమయ్యెను. పేదవానికి టాక్సీ నేఁటికిని దూరమే. ఆతనికిఁ దెరువు దొరికినది భూమిక్రింద.

నగరపు న్యాయవాదియగు చార్లెస్ పియర్సన్ పేదలు మురికివాడలను విడిచి దూరమున గాలి వెలుతురులు గలచోట నివసించి దినదినము పనికి వచ్చుటకై భూగర్భమున రైలు నడుపవలెనని చిరకాలము వాదించెను. ఆతఁడు 1862లో మరణించెను. మెట్రోపాలిటన్ రైల్వే 1863 జనవరి 10వ తేదిని జనులకుఁ దెఱవఁబడెను. పాడింగ్టన్ నుండి ఫారింగ్డన్ వఱకు నాలుగుమైళ్లకుఁ గొంచెము తక్కువ దూరము. ఆవిరియంత్రము, గ్యాసుదీపములు, పొగ. మొదటిదినముననే యించుమించు 38,000 మంది యెక్కిరి. ఎవరికొఱకై పియర్సన్ దీనిని దలఁచెనో వారి గుడిసెలే యా మార్గముకొఱకుఁ గూల్పఁబడుట శోచనీయము. బండ్లలో మూఁడు తరగతులు, మూఁడు వెలలు. మఱుచటి యేఁడు, అనఁగా 1864లో, తెల్లవాఱుజామున నడచు పనివాండ్ర రైళ్లు మొదలయ్యెను; పోవుట వచ్చుట రెంటికిఁ గలిపి మూఁడు పెన్నీలే. 1883 నాఁటి శాసనము రైల్వేసంఘములన్నియు నిట్టి రైళ్లను నడుపవలెనని విధించెను. షిల్లిబీరు షిల్లింగుతోఁ బోల్చి చూచినచో నీ మూఁడు పెన్నీల విలువ తెలియును. 'ఓమ్నిబస్' అను పేరు లేని యానమే యా పేరి యర్థమును మొదట కొంత నెఱవేర్చినది.

1890లో నగరమునకు దక్షిణముగా నత్యంతగభీరమున విద్యుచ్ఛక్తితో నడచు రైలు వచ్చెను. దానియందుఁ దరగతులు లేవు; దూరభేదము లేక యందఱికిని రెండు పెన్నీలే. 1900లో తెఱవఁబడిన మధ్యలండను రైలున నదియే పద్ధతి. 'రెండుపెన్నీల గొట్టము' అని జనులు దానిని ముద్దుగాఁ బిలిచిరి. వెల తెలియని పరదేశికి నిది పరమోపకారము. తొంటి మెట్రోపాలిటన్ మార్గమున మాత్రము మొదటి తరగతి 1941వఱకు నిలిచెను.

ఆ మార్గపు పేరునుగూర్చి యొక మాట చెప్పవలసియున్నది. పారిసువారు 1900లో తమ భూగర్భ రైలునకు నీ పేరునే గైకొని, కుదించి 'మెట్రో' యనిరి. 2017లో హైదరాబాదునకు వచ్చినదియు నా పేరే. దీనిని పైఁ జెప్పిన కొలతవాచియగు 'మెట్రాన్'తో ముడివెట్టువారు కలరు, అది పొరపాటు. 'మెట్రోపోలిస్' అనఁగా గ్రీకున మాతృనగరము. పూర్వపదము మాతృశబ్దమునకును, ఉత్తరపదము పురశబ్దమునకును జ్ఞాతులు. పురము లోపించి మాత మిగిలినది. కావున మెట్రో యెక్కువాఁడు తల్లిని బిలుచుచున్నాఁడే గాని కొలతను గాదు.

వెల సరళమైనను దెరువు సరళము కాలేదు. సంఘము లనేకములు, మార్గము లనేకములు. పటములు నిజమైన దూరములను జూప యత్నించి నగరమధ్యమున నక్షరములను గుప్పగాఁ బోసినవి. 1931లో హారీ బెక్ అను రేఖాలేఖకుఁడు మార్గముల నన్నిటిని నిలువు, అడ్డము, ఏటవాలు గీఁతలుగా మార్చి, థేమ్సునదిని దక్క నేలమీఁది సమస్తమును విడిచి, స్టేషన్ల నడుమ దూరములను సమముచేసి పటమును గీచెను. అధికారులు మొదట నిరాకరించిరి. 1933 జనవరిలో పరీక్షార్థము ముద్రింపఁగా జను లానందముతో గైకొనిరి. ఆ యేఁడు జూలైలో నగరపు బస్సులు, ట్రాములు, భూగర్భమార్గములు నొక్క ప్రభుత్వమండలిక్రిందికి వచ్చినవి. బెక్ పటము సూత్రపద్ధతిది: ఎక్కుట, మాఱుట, దిగుట యను మూఁటికి నక్కఱలేనిది దానిలో నొక్కటియు లేదు. అందుచేత దూరవిషయమున నది యసత్యము. లీసెస్టర్ స్క్వేర్, కావెంట్ గార్డెన్ స్టేషన్ల నడుమ దూరము 260 మీటర్లు మాత్రమే. పటమును నమ్మిన పరదేశి భూమిలోనికి దిగి, రైలెక్కి, మరల పైకి వచ్చునంతలో నేలమీఁద నడచినవాఁడు చేరియుండును. అయినను పటము నెడఁ గృతజ్ఞతయే న్యాయము. వీథినిఁ బోవువాని నడుగ భాష రానివానికి నా రంగుల గీఁతలే భాష.

వెల విషయమున నటుపిమ్మట జరిగినది విచిత్రము. 1981లో నగరపాలకసభ వెలలను మూఁడవవంతు తగ్గింపఁగా, ప్రభుసభయందలి న్యాయాధిపతులు ఆ యేఁటి డిసెంబరులో దానిని శాసనవిరుద్ధమని కొట్టివేసిరి. 1983లో నగరమును మండలములుగా విభజించి, బస్సునకును రైలునకును జెల్లు నొక్క టికెట్టును దెచ్చిరి. 2003లో 'ఆయిస్టర్' అను చీటి వచ్చెను. యంత్రమునకుఁ దాఁకించినఁ జాలు, వెల దానంతట నదియే తగ్గును. 2014లో బ్యాంకుచీట్లే రైళ్లలోను జెల్లఁజొచ్చెను. నేఁడు పరదేశి వెల నడుగఁడు, తెలిసికొనఁడు, చెల్లించి పోవును. మాగ్ పుస్తకమునుజూపి కలహించినవానికిఁ దాను చెల్లించిన దెంతయో తెలిసియుండెను. నేఁటివాని కది మఱునాఁడు గాని తెలియదు. దీనికి సాధకముగా నొక సౌకర్యము కలదు: దినమునం దెన్నిమాఱు లెక్కినను నొక పరిమితికి మించి గైకొనరు.

కాలు లేనివాని విషయమునఁ బేరులకును ఫలమునకును సంబంధము మఱియుఁ జిక్కుపడియున్నది. లండను టాక్సీలన్నియుఁ 2000నుండి చక్రాసనముతో నెక్కఁదగినవిగా నుండవలెనను నియమ మున్నది. 1906 నియమముచే నిరువదియైదడుగుల వలయమునఁ దిరుగఁగల యా బండి యిఱుకు వాకిళ్లకును జేరఁగలదు. బస్సులును మెట్లు లేనివైనవి. మాతృనగరపు రైలున మాత్రము 272 స్టేషన్లలో నించుమించు మూఁడింట నొకవంతు తావులందే వీథినుండి మెట్టెక్కక పోవ వీలు గలదు.

2014 జూలై 6వ తేదినుండి లండను బస్సులు నాణెములను గైకొనుట మానినవి. చీటి లేక, రొక్కము మాత్రమే కల బీదవాఁడు గాని, ఆనాఁడే దిగిన పరదేశి గాని బస్సు నెక్కలేఁడు. ఆయిస్టరు చీటియందు ధనము చాలనివానికి మాత్ర మొక పయనము నప్పుగా నిచ్చు నేర్పాటు చేయఁబడెను. టాక్సీలకు 2016 అక్టోబరులో బ్యాంకుచీట్లను గైకొనవలెనని విధి వచ్చినను రొక్కము నిషేధింపఁబడలేదు. వెల యని పేరు గల బండి యే నాణెమునైనను గైకొనుచున్నది. అందఱికొఱకు నని పేరు గల బండి తలుపుకడ యంత్రమును జూపుచున్నది.